పాత మురుగునీటి ప్లాంటు: కూల్చి కొత్తది కట్టాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

కొత్తగా_ప్లాంటులో

అందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజనీర్ని. ఇన్నాళ్లూ పైపులైన్లు, పంపుహౌసులు చూసుకున్నాను. ఈమధ్యే పట్టణం మురుగునీటి శుద్ధి ప్లాంటు నా నెత్తిన పడింది.

ప్లాంటు కట్టి ముప్పై ఏళ్లు దాటింది. మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి (సూక్ష్మజీవుల బురదకు గాలి కొట్టి మురుగును తినిపించడం). స్క్రీన్లు (చెత్తను ఆపే జాలీలు), గ్రిట్ చాంబర్ (ఇసుకను పట్టేది), రెండు ప్రైమరీ క్లారిఫయర్లు (బురద అడుగుకు దిగే ట్యాంకులు), తర్వాత గాలి కొట్టే రెండు ఏరేషన్ ట్యాంకులు (ఒక్కోటి 1500 ఘనపు మీటర్లు, సర్ఫేస్ ఏరేటర్లు), చివర 25 మీటర్ల వ్యాసంతో రెండు సెకండరీ క్లారిఫయర్లు. డైజెస్టర్ (గాలి తగలకుండా బురదను కుళ్లబెట్టి గ్యాసు తీసే ట్యాంకు) ఒకటి ఉంది గానీ పైకప్పు లీకై ఎప్పుడో మూలన పడింది. బురదంతా నేరుగా ఆరబెట్టే మడుల్లోకే పోతోంది. డిజైన్ 12 ఎంఎల్‌డీ (రోజుకు మిలియన్ లీటర్లు). ఇప్పుడు సగటున 13 వస్తోందని మీటరు అంటోంది, గట్టి వాన పడిన రోజు 35 దాకా చూపిస్తుంది.

లోపలికి వచ్చే నీళ్లలో బీవోడీ (మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్) 210, ప్రైమరీ దాటాక 150. మొత్తం కెల్డాల్ నైట్రోజన్ (అమ్మోనియా, సేంద్రియ నైట్రోజన్ కలిపి) 45. ఏరేషన్ ట్యాంకులో ఎంఎల్ఎస్ఎస్ (నీళ్లలో కలిసి ఉన్న బురద సాంద్రత) 2500 దగ్గర నడుపుతున్నారు. (అన్నీ లీటరుకు మి.గ్రా.ల్లో.) బయటికి పోయే నీళ్లలో బీవోడీతో పేచీ లేదు. అమ్మోనియా మాత్రం 25, 30 అలా పోతూనే ఉంది. కొత్త అనుమతిలో అమ్మోనియా 5 లోపు, మొత్తం నైట్రోజన్ 10 లోపు ఉండాలన్నారు. దీనికి తోడు వానొస్తే క్లారిఫయర్ అంచు మీంచి బురద పొర్లిపోతుంది. ఇన్‌లెట్ చాంబర్ గోడ నీటి మట్టానికి పైన ఎంత మెత్తబడిందంటే, స్క్రూడ్రైవర్‌తో గీకితే పిండిలా రాలి లోపల కంకర బయటపడింది.

ముగ్గురు కన్సల్టెంట్లు మూడు మాటలు చెప్పారు. ఒకాయన ఉన్న ట్యాంకుల్లోనే మెంబ్రేన్లు (సన్నటి రంధ్రాల వడపోత పొరలు) పెట్టి ఎంబీఆర్ (మెంబ్రేన్ బయోరియాక్టర్) చేద్దామంటాడు. ఇంకొకాయన పక్క ఖాళీ స్థలంలో కొత్త ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో గాలి కొట్టడం, తేర్చడం వంతులవారీగా చేసేది) కట్టి పాతది పడగొట్టాలంటాడు. మూడో ఆయన ఏరేషన్ ట్యాంకులో ప్లాస్టిక్ బిళ్లలు వేస్తే సరిపోతుందంటాడు. ముగ్గురూ చక్కగానే మాట్లాడుతున్నారు, అదే నా టెన్షన్. పైవాళ్లకేమో శిలాఫలకం వేసుకోవడానికి కొత్త కట్టడం కావాలి. నేను ఎక్కడ మొదలుపెట్టాలి? వీళ్లని ఏం అడగాలి?

మెంబ్రేన్_పక్షం

స్థలం పెంచకుండా కొత్త హద్దులు అందుకోవాలంటే ఎంబీఆరే. ఎంఎల్ఎస్ఎస్ 8000, 10000 దాకా పెట్టుకోవచ్చు, అంటే అదే ట్యాంకులో మూడు నాలుగింతల సూక్ష్మజీవులు. బురద అడుగున కుదురుకుందా లేదా అన్న గొడవే ఉండదు, క్లారిఫయర్లు తీసి పారేయొచ్చు. నేను పనిచేసే చోట ఎంబీఆర్ నీళ్లు చూస్తే తాగేయాలనిపిస్తుంది (తాగకండి). ముప్పై ఏళ్ల క్లారిఫయర్ల మీద ఇంకా ఆశలు పెట్టుకోవడం దేనికి?

గాలిబుడగ

ఎంబీఆరా ఎస్‌బీఆరా అన్నది కాసేపు పక్కన పెట్టండి. మీ ప్లాంటులో ఏ ముక్క చాలడం లేదో ముందు తేలాలి. మంచి పని చేశారు, అంకెలు ఇచ్చారు. వీటితో కాగితం మీదే సగం సంగతి బయటపడుతుంది. నేను ప్రాసెస్ డిజైన్ మనిషిని, చేసినవాటిలో ఎక్కువ పాత ప్లాంట్ల పనులే. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు ముందే తెలియాలి.

అమ్మోనియా ఎందుకు తగ్గట్లేదో చూద్దాం. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. అవి రెట్టింపయ్యే లోపే మీరు బురదతో పాటు వాటిని బయటికి తోడేస్తుంటే ట్యాంకులో మిగలవు. అందుకే మొదటి ప్రశ్న బురద వయసు (సగటున అది ట్యాంకులో ఉండే రోజులు) ఎంత అని. ట్యాంకులు రెండూ కలిపి 3000 ఘనపు మీటర్లు, ఎంఎల్ఎస్ఎస్ 2500, అంటే లోపల ఉన్న బురద 7500 కిలోలు. రోజుకు వచ్చే బీవోడీ 13 ఎంఎల్‌డీకి 150 చొప్పున 1950 కిలోలు. కిలో బీవోడీకి సుమారు 0.8 కిలో కొత్త బురద పుడుతుందనుకుంటే రోజుకు 1560 కిలోలు తీసేయాలి. 7500ని దాంతో భాగిస్తే ఐదు రోజులు కూడా లేదు. నీళ్లు 20 డిగ్రీలుంటే గాలి తగిలే భాగంలో ఐదారు రోజుల వయసుతో నెట్టుకురావచ్చు, 12కు పడితే సుమారు పది కావాలి. అంటే మీ ప్లాంటు గట్టు మీద నిలబడి ఉంది. బీవోడీ తీసేయడానికి ఈ వయసు బ్రహ్మాండంగా సరిపోతుంది, కట్టినవాళ్లు అడిగింది అదే కాబట్టి వాళ్ల తప్పేమీ లేదు.

చిన్న పక్కదారి. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ఈ పద్ధతి కనిపెట్టినప్పుడు చూసింది నైట్రిఫికేషన్ (అమ్మోనియాను నైట్రేట్ చేయడం) కోసమే. సీసాలో మురుగునీటికి గాలి కొడుతూ పోతే పూర్తిగా ఆక్సీకరణ కావడానికి వారాలు పట్టింది. అయిపోయాక పైన తేరిన నీళ్లు వంచేసి, అడుగు బురదను పారబోయకుండా దాని మీదే మళ్లీ కొత్త మురుగు పోశారు. అలా చేస్తూ పోగా వారాల పని గంటల్లోకి వచ్చింది. ఇవాళ మీకున్న సమస్యకూ అక్కడే జవాబుంది: బురదను ఇంకాస్త ఎక్కువ కాలం లోపల ఉంచుకోవాలి. కానీ ఉంచుకోనివ్వట్లేదు ఎవరు? క్లారిఫయర్.

ఎంఎల్ఎస్ఎస్‌ను 2500 నుంచి 4000కు పెంచితే వయసు ఏడున్నర రోజులు దాటుతుంది, కొత్తగా గోడ కట్టే పనే లేదు. మరి వాన రోజు? మీ రెండు క్లారిఫయర్ల వైశాల్యం కలిపి 980 చదరపు మీటర్ల చిల్లర. 35 ఎంఎల్‌డీ వచ్చినప్పుడు, తిరిగి పంపే బురద ఇంకో 6.5 వేసుకుంటే, 2500 దగ్గర చదరపు మీటరు మీద గంటకు 4.4 కిలోల ఘనపదార్థం పడుతుంది. 4000 దగ్గర 7. పుస్తకాల్లో గరిష్ఠంగా 8 దాకా పర్వాలేదని ఉంటుంది. అయితే అది బాగా కుదురుకునే బురదకి. మీకు 4.4కే పొర్లిపోతోందంటే మీ బురద కుదురుకోవట్లేదని నా అనుమానం. ఎస్‌వీఐ (బురద ఎంత బాగా కుదురుకుంటుందో చెప్పే అంకె) ఎంత? లీటరు జాడీలో అరగంట ఉంచి చూసిన మిల్లీలీటర్లను ఎంఎల్ఎస్ఎస్ గ్రాములతో భాగించండి. 100, 120 ఉంటే క్లారిఫయర్ తప్పు ఇంకెక్కడో ఉంది. 150 దాటితే ఫిలమెంట్లు, అంటే తీగల్లా పెరిగే బ్యాక్టీరియా, బురదను బరువెక్కనివ్వట్లేదు. ఆ పరిస్థితిలో క్లారిఫయర్ పడగొట్టి ఇంకోటి కట్టినా అందులోనూ ఇదే బురద తేలుతుంది.

ఇక గాలి. దీన్ని ఎవరూ మీకు సరిగా చెప్పి ఉండరు. బీవోడీకి ఇప్పుడు మీకు రోజుకు 2100 కిలోల ఆక్సిజన్ పడుతోంది (కిలోకి 1.1 వేశాను). నైట్రోజన్ 45లో పది దాకా బురదే తినేస్తుంది. మిగిలిన 35ను నైట్రేట్ చేయాలంటే రోజుకు 455 కిలోలు, కిలోకి 4.57 కిలోల ఆక్సిజన్. ఇంకో 2080. అంటే గాలి అవసరం ఒక్కసారిగా రెట్టింపు! మీ సర్ఫేస్ ఏరేటర్లు దాన్ని ఇవ్వలేవు, వాటి గేర్‌బాక్సులు ఎలాగూ చివరి దశలో ఉండి ఉంటాయి. బ్లోయర్లు, అడుగున సన్న బుడగల డిఫ్యూజర్లు తప్పవు. ఇలాంటి ప్లాంటులో కరెంటు బిల్లులో సగమో అంతకన్నా ఎక్కువో గాలికే పోతుంది కాబట్టి మీరు నిజంగా డబ్బు పెట్టాల్సిన చోటు ఇది. ట్యాంకు లోతు చూసుకోండి. సన్న బుడగ శుభ్రమైన నీటిలో మీటరు లోతుకు 6 శాతం దాకా ఆక్సిజన్ వదులుతుంది, మురుగులో అందులో సగమే అనుకోండి. అమ్మేవాళ్ల కరపత్రంలో ఉండేది శుభ్రమైన నీటి అంకె.

తర్వాత క్షారత. కిలో నైట్రోజన్ నైట్రేట్ అయ్యేటప్పుడు 7.14 కిలోల క్షారత (కాల్షియం కార్బొనేట్ లెక్కలో) కరిగిపోతుంది. మీ 35కు 250 మి.గ్రా. వచ్చే నీళ్లలో అంత లేకపోతే పీహెచ్ పడిపోతుంది, ఎంత గాలి కొట్టినా అమ్మోనియా అక్కడే ఆగిపోతుంది. దీని గురించి ముగ్గురు కన్సల్టెంట్లలో ఎవరైనా మాట్లాడారా?

ఇందుకే ట్యాంకు మొదటి మూడో వంతులో గాలి ఆపేసి, మిక్సర్ పెట్టి, చివరి నుంచి నైట్రేట్ నీళ్లను పంపుతో వెనక్కి తిప్పుతారు. గాలి లేని చోట బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్ వాడుకుని నైట్రోజన్‌ను గాలిలోకి వదిలేస్తాయి. 1970లలో దక్షిణాఫ్రికాలో జేమ్స్ బర్నార్డ్ ఈ అమరికను ఒక దారిలో పెట్టాడు. దీంతో మొత్తం నైట్రోజన్ తగ్గుతుంది. ఖర్చయిన క్షారతలో సగం తిరిగొస్తుంది (కిలోకి 3.57), 2.86 కిలోల ఆక్సిజన్ మిగులుతుంది. పైగా ముందున్న ఆ గాలి లేని భాగం చాలా రకాల ఫిలమెంట్లను అణిచేస్తుంది. ఒక అడ్డుగోడ, రెండు మిక్సర్లు, ఒక పంపు. మీ జాబితాలో ఇంత తక్కువ కాంక్రీటుతో ఇంత పని చేసేది ఇంకోటి లేదు.

చిక్కులు రెండున్నాయి. 35ను 7కు దించాలంటే వెనక్కి తిప్పే నీళ్లు, తిరిగొచ్చే బురద కలిపి వచ్చే ప్రవాహానికి నాలుగు రెట్లు ఉండాలి. ఆ బ్యాక్టీరియాకు తిండి కూడా కావాలి: బీవోడీ, నైట్రోజన్ నిష్పత్తి కనీసం 4 ఉంటే సుఖం. మీ ప్రైమరీలు తిండిలో 30 శాతం పట్టేసి 150, 45 దగ్గర వదిలేస్తున్నాయి, అంటే 3.3. కొంత మురుగును ప్రైమరీ దాటించి నేరుగా పంపితే నిష్పత్తి పెరుగుతుంది, కానీ బురదా పెరుగుతుంది, వయసు మళ్లీ తగ్గుతుంది. పైగా ట్యాంకులో మూడో వంతు గాలి లేకుండా పోయింది కదా. నైట్రిఫయర్లకు మిగిలింది రెండు వంతులే. ఇక్కడ, ఇక్కడే, మూడో ఆయన ప్లాస్టిక్ బిళ్లలకు అర్థముంది. నార్వేలో 1980ల చివర వాటిని తయారుచేసింది కూడా ఉన్న ట్యాంకుల్లోనే నైట్రోజన్ తీయడానికే. నైట్రిఫయర్లు బిళ్లల లోపలి గోడలకు అంటుకుని ఉంటాయి, క్లారిఫయర్ మీద బరువు పడకుండానే వాటి సంఖ్య పెరుగుతుంది.

మెంబ్రేన్_పక్షం గారితో ఒక్క పేచీ. మెంబ్రేన్ సాగదు. సగటు 13, వాన రోజు 35 అంటే 2.7 రెట్లు. ఆ 35కు సరిపడా మెంబ్రేన్లు కొనాలి, మిగతా రోజులంతా వాటిని గాలితో కడుగుతూ కూర్చోవాలి. లేదా వాన నీళ్లకు నిల్వ ట్యాంకు కట్టాలి. కొన్ని చోట్ల ఎంబీఆరే సరైన జవాబు, ముఖ్యంగా శుద్ధి చేసిన నీళ్లు మళ్లీ వాడేటప్పుడు. ఇంత వాన పోటు ఉన్న చోట మాత్రం నేను దాన్ని మొదటి మాటగా అనను.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది మరోటుంది. ఆ 13 అనే అంకెను నమ్మకండి. ముప్పై ఏళ్ల ఫ్లూమ్ (ప్రవాహం కొలిచే ఇరుకు కాలవ), దాని మీద ఏదో ఒక అల్ట్రాసోనిక్ సెన్సార్, ముందు కాలవలో ఇసుక. ఖాళీగా ఉన్న ప్రైమరీ క్లారిఫయర్ ఉంటే ప్రవాహమంతా అందులోకి మళ్లించి, మట్టం ఎంతసేపట్లో ఎంత పెరిగిందో టేపు పెట్టి కొలవండి. అలాగే వాన లేని రోజు తెల్లవారుజామున మూడింటికి ఎంత వస్తోందో చూడండి. ఊరంతా నిద్రపోతున్నా సగటులో సగానికి మించి వస్తుంటే మీరు శుద్ధి చేస్తున్నది భూగర్భ జలాన్ని.

కన్సల్టెంట్లను ఏం అడగాలన్నారు కదా. వాన రోజు, అత్యంత చలి వారం, ఒక ట్యాంకు మరమ్మతుకు ఖాళీ చేసిన రోజు: ఈ మూడూ ఒకేసారి రాకపోయినా విడివిడిగా లెక్క చూపించమనండి. సగటు రోజు లెక్క ఎవరైనా చూపిస్తారు.

రాత్రిషిఫ్ట్

పైన గాలిబుడగ సార్ లెక్కలు బాగున్నాయి. నేను లెక్కల మనిషిని కాదు, ఆపరేటర్ని. ప్లాంటు నడుస్తుండగానే అప్‌గ్రేడ్ జరిగితే ఎలా ఉంటుందో నన్నడగండి. మురుగు ఒక్క పూట కూడా ఆగదండి, సెలవు పెట్టదు. ఏ పనికైనా మొదటి ప్రశ్న "ఇది కడుతున్నన్నాళ్లూ నీళ్లెటు పోతాయి" అన్నదే. కాంట్రాక్టులో దీనికి ఒక్క లైను రాసి వదిలేస్తారు, తర్వాత ఆ లైను మా ప్రాణం తీస్తుంది.

ట్యాంకు ఖాళీ చేయాలనుకునే ముందు చుట్టూ భూగర్భ జలం ఎంత లోతులో ఉందో చూడండి. నిండుగా ఉన్నన్నాళ్లు బరువుతో కూర్చున్న ట్యాంకు, ఖాళీ చేయగానే పడవైపోతుంది. మీ 25 మీటర్ల క్లారిఫయరే తీసుకోండి, అడుగు పలక కన్నా భూగర్భ జలం 2 మీటర్లు పైనుంటే కింద నుంచి దాదాపు 1000 టన్నుల తోపు పడుతుంది. పాత ట్యాంకుల అడుగున ఆ ఒత్తిడి వదిలే వాల్వులు ఉంటాయి గానీ, ముప్పై ఏళ్లలో అవి బురదతో పూడుకుపోకుండా ఉంటే ఆశ్చర్యమే. వానాకాలం పోయాక, పక్కన బోర్లు వేసి నీళ్లు తోడుకుంటూ ఖాళీ చేయండి.

గేట్లు, వాల్వులు అన్నీ ఒకసారి మూసి తెరిచి చూడండి, కాంట్రాక్టు పిలవకముందే. మేం పనిచేసిన ఒక చోట డ్రాయింగులో రెండు ట్యాంకుల మధ్య స్లూయిస్ గేటు ఉంది. నిజంగానూ ఉంది. కానీ స్పిండిల్ తిప్పితే స్పిండిలే తిరిగింది, గేటు ఎప్పుడో తుప్పుపట్టి చట్రానికి అతుక్కుపోయింది. డైవర్‌ని దింపి, సంచులు పేర్చి, తాత్కాలిక పంపులు పెట్టాకే పని మొదలైంది. డ్రాయింగులో లేని పైపులు కూడా తగులుతాయి. తవ్వే చోట ముందుగా చేత్తో తవ్వించండి.

మీ ఇన్‌లెట్ చాంబర్ గోడ రాలడం హైడ్రోజన్ సల్ఫైడ్ పని. మురుగులోంచి ఆ వాయువు పైకి లేచి తడి గోడకు పడితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తాయి. అందుకే నీళ్లలో మునిగిన భాగం బాగానే ఉండి, పైభాగం తింటుంది. మెత్తబడిందంతా గట్టి కాంక్రీటు వచ్చేదాకా చెక్కేసి, లోపలి కమ్మీ చూసి, అప్పుడు లైనింగ్. పైపైన పూత పూస్తే తొందరగానే తోలులా ఊడొస్తుంది. దిగేవాళ్లకి గ్యాస్ మీటరు, బ్లోయర్ గాలి, తాడు, పైన ఒక మనిషి తప్పనిసరి. కుళ్లిన గుడ్ల వాసన పోయింది కదా అని దిగొద్దు. ఆ వాయువు 100 పీపీఎం దాటితే ముక్కే పనిచేయడం మానేస్తుంది. డైజెస్టర్ సంగతి ఇంకా ఘోరం, ఎన్నేళ్లు మూలపడ్డా లోపల మీథేన్ ఉండొచ్చు. అక్కడ వెల్డింగు అనే మాటే ఎత్తొద్దు, పూర్తిగా గాలి మార్చి కొలిచేదాకా.

ఇంకొకటి, ఎవరూ పట్టించుకోనిది. స్క్రీన్లు. ఇప్పుడు మీకు 15, 20 మి.మీ. సందుల కమ్మీలుండొచ్చు. బిళ్లలు వేసినా, మెంబ్రేన్లు వేసినా అవి చాలవు. మెంబ్రేన్లకైతే 1, 2 మి.మీ. కావాలి. వెట్ వైప్స్, జుట్టు, గుడ్డపీలికలు కలిసి తాళ్లలా పేనుకుని మిక్సర్ రెక్కలకు చుట్టుకుంటాయి. రాత్రి రెండింటికి వాటిని కత్తితో కోసింది మేమే. స్క్రీన్ డబ్బు మిగుల్చుకుని మిగతాది హంగుగా కట్టడమంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

కొత్తగా_ప్లాంటులో

ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ థాంక్స్. చెప్పినవి కొన్ని చేసి చూశాం.

ప్రైమరీ క్లారిఫయర్ ఒకటి ఎలాగూ స్క్రేపర్ పనికి ఖాళీగానే ఉంది, అందులోకి ప్రవాహం మళ్లించి కొలిచాం. మీటరు ఎక్కువ చూపిస్తోంది! ఫ్లూమ్ ముందు కాలవలో మోకాలి లోతు ఇసుక పేరుకుంది. అసలు సగటు 11.3 దగ్గర. తెల్లవారుజామున వచ్చేది సగటులో మూడో వంతే, కాబట్టి భూగర్భ జలం పెద్దగా రావట్లేదు. వాన నీళ్లు మాత్రం ఎక్కడో కాలవల నుంచి సూటిగా కలుస్తున్నాయి. జాడీలో అరగంటకు 475 మి.లీ. దగ్గర ఆగింది, ఎస్‌వీఐ 190. వచ్చే నీళ్ల క్షారత 260. నీళ్ల ఉష్ణోగ్రత ఎంత పడినా 18కి తగ్గలేదని పాత రిజిస్టర్లలో ఉంది.

ఇప్పుడు "ప్లాంటు సామర్థ్యం దాటిపోయింది, కొత్తది తప్పదు" అని ఇచ్చిన రిపోర్టును ఏం చేయాలో తెలియట్లేదు. దాని మొదటి పేజీలోనే 13 ఉంది. ఇంకో ప్రశ్న: డైజెస్టర్‌ని బతికించాలా?

గాలిబుడగ

190 అంటే అనుమానం నిజమే. ఫిలమెంట్ల రకం తెలుసుకోవడానికి సూక్ష్మదర్శినిలో చూపించండి. మైక్రోథ్రిక్స్ (నురగ కట్టించే ఒక రకం ఫిలమెంట్) అయితే గాలి లేని భాగం ఒక్కటే దాన్ని లొంగదీయకపోవచ్చు, పైన తేలే నురగను తీసేసే ఏర్పాటు కూడా కావాలి.

11.3తో లెక్క మారుతుంది. బీవోడీ రోజుకు 1700 కిలోల లోపు, కొత్త బురద 1350 చిల్లర. ఎంఎల్ఎస్ఎస్ 3500 పెడితే వయసు ఏడు రోజులు దాటుతుంది. మూడో వంతు గాలి ఆపితే మిగిలేది ఐదు పైచిలుకు. 18 డిగ్రీలకు ఇది గీత మీద లెక్క. గీత మీద డిజైన్ చేయను. కాబట్టి గాలి ఉన్న భాగంలో బిళ్లలకు చోటు, జల్లెడలకు చట్రాలు ఇప్పుడే కట్టించి, బిళ్లలు మాత్రం తర్వాత అవసరాన్ని బట్టి వేసుకోండి. క్షారత 260లో 250 పోయి, నైట్రేట్‌ను వెనక్కి తిప్పితే ఎనభై, వంద తిరిగొస్తుంది. అది సరిపోతుంది. ఆ తిప్పే ఏర్పాటు లేకపోతే మాత్రం పీహెచ్ పడిపోతుంది. నిర్మాణం మధ్యలో మిక్సర్లు రాకముందే డిఫ్యూజర్లు ఆన్ చేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది, వరుస చూసుకోండి.

వాన రోజుకు ఒక చవకైన ఉపాయం ఉంది. ఏరేషన్ ట్యాంకు చివరి భాగానికి మురుగు పోసే రెండో గేటు పెట్టండి. వాన పోటెత్తగానే మొదటి గేటు కాస్త మూసి దీన్ని తెరిస్తే, తిరిగొచ్చే చిక్కటి బురద ట్యాంకు మొదటి భాగంలో ఉండిపోతుంది, క్లారిఫయర్‌కు పోయేది పల్చటిది. వాన తగ్గాక మామూలుకు తిప్పేయడమే. ఆ కొన్ని గంటలు అమ్మోనియా కాస్త పెరుగుతుంది, బురదంతా కొట్టుకుపోయి నెలరోజులు కోలుకోకపోవడం కన్నా నయం. వాన కాలవలు ఎక్కడ కలుస్తున్నాయో మీరు పట్టుకోవాలి, మీరు పైపుల మనిషే కదా. లైన్లలోకి పొగ వదిలితే వాన గొట్టాల్లోంచి, రోడ్డు జాలీల్లోంచి పైకొచ్చి చూపిస్తుంది.

డైజెస్టర్: బతికించే ముందు ఒక్కటి ఆలోచించండి. డైజెస్టర్ బురదను పిండితే వచ్చే నీళ్లు ప్రవాహంలో ఒక శాతమే ఉంటాయి గానీ, నైట్రోజన్ భారంలో 15, 20 శాతం మోసుకొస్తాయి. అవి మళ్లీ ప్లాంటు మొదటికే చేరతాయి. పెద్ద ప్లాంట్లు ఆ నీళ్లను విడిగా శుద్ధి చేస్తాయి, రాటర్‌డామ్‌లోని డోఖావెన్‌లో 2002లోనే అనామాక్స్ రియాక్టర్ (అమ్మోనియాను నైట్రోజన్ వాయువుగా మార్చే ప్రత్యేక బ్యాక్టీరియాతో నడిచేది) పెట్టారు. మీ సైజుకు అంత అక్కర్లేదు. ఆ నీళ్లకు ఒక నిల్వ ట్యాంకు కట్టి, లోడు తక్కువుండే రాత్రి పూట నెమ్మదిగా వదిలితే చాలు. గ్యాసుతో కరెంటు వస్తుందని ఎవరైనా చెబితే ఈ నైట్రోజన్ కూడా వాళ్ల లెక్కలో ఉందేమో చూడండి. నేనైతే మొదటి దశలో డైజెస్టర్ ముట్టుకోను.

రిపోర్టు గురించి: గొడవ పడాల్సిన పనిలేదు. మీరు కొలిచిన కాగితం, ఫ్లూమ్‌లో ఇసుక ఫొటో, తేదీ వేసి పంపి, అదే లెక్కను 11.3తో మళ్లీ చేసివ్వమనండి. జవాబు అప్పటికీ "కొత్తదే" అని వస్తే, ఎందుకో రాతపూర్వకంగా అడగండి.

మెంబ్రేన్_పక్షం

11.3 చూశాక నేనూ కాస్త వెనక్కి తగ్గుతున్నా. కానీ ఆ నీళ్లను ముందు ముందు ఏ ఫ్యాక్టరీకో అమ్మే ఆలోచన ఉంటే క్లారిఫయర్ తర్వాత ఫిల్టర్‌కి కాస్త స్థలం, హెడ్ (నీళ్లు దానంతటవే పారడానికి మట్టంలో తేడా) వదిలిపెట్టండి. తర్వాత ఇరికించడం నరకం.

రాత్రిషిఫ్ట్

స్టార్టప్ గురించి ఒక్క మాట. డిఫ్యూజర్లు పెట్టగానే అమ్మోనియా పడిపోతుందని పైవాళ్లకి చెప్పకండి. నైట్రిఫయర్లు పుంజుకోవడానికి వారాలు పడుతుంది. దగ్గర్లో బాగా నైట్రిఫై అవుతున్న ప్లాంటు ఉంటే వాళ్ల అదనపు బురదను ట్యాంకర్లతో తెప్పించుకోండి. వాళ్లు సంతోషంగా ఇస్తారు, వాళ్లకది వదిలించుకోవాల్సిన సరుకే. తెచ్చేముందు ఎస్‌వీఐ మాత్రం మీరే జాడీలో చూసుకోండి, వాళ్ల ఫిలమెంట్లను కొని తెచ్చుకున్నట్టు కాకూడదు. చలి తగ్గి నీళ్లు వెచ్చబడే రోజుల్లో పెట్టుకుంటే త్వరగా అందుకుంటుంది. మొదటి ట్యాంకు నిలబడి నైట్రేట్ కనిపించేదాకా రెండోది ఖాళీ చేయనివ్వకండి, కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా.